నిశ్చితార్థానికి నాణ్యత ముద్ర

రాష్ట్ర గోనెసంచుల మండలి అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. తెలియనందువల్ల వాళ్ళకీ నష్టం లేదు, మండలికీ నష్టం లేదు. ధాన్యం పట్టే ముందు గోనెసంచి గట్టిగా ఉందో లేదో చూసి, దాని మీద ఊదారంగు ముద్ర కొట్టడం మండలి పని. ఈ పనికి ఒక మేనేజింగ్ డైరెక్టరు, ఇరవై ఆరు గోదాములు, పదకొండు వందల మంది సిబ్బంది, రెండు వందల పేజీల నిబంధనావళి ఉన్నాయి. సంచులు కూడా ఉన్నాయి.

తణుకు గోదాములో పెచ్చెట్టి వకుళ జూనియర్ అసిస్టెంటు. చిరిగిన సంచుల రిజిస్టరు ఆమె రాసేది. మంచి సంచి ఎప్పుడైనా ఎక్కడికైనా పోవచ్చు గాని, చిరిగినదని ముద్ర పడ్డ సంచి మూడేళ్ళ దాకా గోదాము గడప దాటకూడదని నిబంధన. పైనుంచి ఎవరైనా తనిఖీకి వచ్చి "చిరిగిందన్నారు, ఏదీ చిరుగు?" అంటే చూపించాలి కదా. ఆ సంచిని కుట్టకూడదని మాత్రం ఎక్కడా లేదు. అందుకని గోదాములో వాళ్ళు చిరిగినవాటిని దబ్బనంతో శుభ్రంగా కుట్టుకుని కుర్చీల్లో మెత్తల కింద వేసుకునేవారు. ఎంత బాగా కుట్టినా రిజిస్టరులో అది చిరిగినదే. ఎనిమిదేళ్ళుగా రాస్తూ ఉండడంతో వకుళకి ఇందులో వింత కనిపించడం ఎప్పుడో మానేసింది.

ఆమె దిగులు వేరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ తరగతుల్లో ఒకే సంచికి అటు కొస ఒకరు, ఇటు కొస ఒకరు పట్టుకుని కుట్టు బలం చూస్తున్నప్పుడు గుత్తుల శేషుబాబుతో పరిచయమైంది. శేషుబాబుది పాలకొల్లు. ఉద్యోగం మాత్రం ఆదోని గోదాములో. పరిచయం ముదిరి, పెద్దవాళ్ళు ఒప్పుకుని, కార్తీకమాసంలో తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. ముహూర్తం దగ్గరే వకుళ తల్లి వీరవేణమ్మ అడ్డం కూర్చుంది. తణుకు బజార్లో గాజుల కొట్టు నడిపే మనిషి. పట్టుకున్న చేతికి గాజు తొడిగితే గాని వదలని రకం.

"నువ్విక్కడ, అతనక్కడ. మరి పెళ్ళెందుకే? ఫోనులో మాట్టాడుకోడానికి పురోహితుడెందుకు?" అంది. "ఇద్దరికీ ఒకే ఊరు వేయించుకోండి. ఆ మర్నాడే ముహూర్తం పెట్టిస్తాను."

ఆలుమగలకి ఒకే ఊరు ఇవ్వాలని మండలిలో ఒక పద్ధతి ఉన్నమాట నిజమే. కాని ముందు పెళ్ళి చేసుకుని, ఆ తరవాత వరసలో నిలబడాలి. ఆ వరసలో అప్పటికే నాలుగు వందల పన్నెండు జంటలున్నాయి. క్రితం ఏడాది వరసలో మొదటి జంటకి ఒకే ఊరికి ఆర్డరు వచ్చింది. ఇద్దరి పదవీవిరమణ సభలో, దండలు వేసేటప్పుడు చేతికిచ్చారు.

దిక్కుతోచక వకుళ నిబంధనావళి ముందేసుకుంది. దాన్ని ఏనాడో ఇంకేదో సంస్థ నుంచి ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకున్నారు. మొదటి ఇరవై పేజీలు నలిగి ఉన్నాయి. మిగతావి చెదలు కూడా ముట్టలేదు. అక్కడ ఇరవై ఏడో నిబంధన కనిపించింది. బిట్రోత్డ్ అయిన ఉద్యోగులిద్దరినీ జాప్యం లేకుండా ఒకే చోట నియమించవలెను అని దాని సారాంశం. ఆ మాటకి పెళ్ళి మాట ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళని అర్థమని వకుళకి తెలుసు, డిగ్రీలో చదువుకుంది. తాంబూలాల ఫొటో జతచేసి ఆ సాయంత్రమే దరఖాస్తు పంపింది.

ప్రధాన కార్యాలయంలో ఆ దరఖాస్తు పిడుగులా పడింది. ఉద్యోగి పెళ్ళైనవాడో కానివాడో అయి ఉండాలి గాని, మధ్యలో మూడో రకం ఉందని ఎవరికీ తెలియదు. మేనేజింగ్ డైరెక్టరు కామఠం అనంతపద్మనాభరావుగారు మాత్రం ఉబ్బితబ్బిబ్బయ్యారు. సంచుల శాఖలోకి వచ్చిన రోజు నుంచీ తన మేధకి తగ్గ సమస్య దొరకలేదని ఆయనకి బెంగ. వెంటనే ఇరవై ఆరు గోదాములకీ ఒక ఉత్తర్వు వెళ్ళింది.

"విషయము: బిట్రోత్డ్ అను పదము యొక్క అర్థము మరియు వాడుక. పై విషయమును పురస్కరించుకొని, సదరు పదమునకు అర్థము తెలుపుచు, దానిని ఒక సొంతవాక్యములో ప్రయోగించి, పదిహేను రోజులలోగా మూడు ప్రతులలో సమర్పించవలెను. తమ పరిధిలో సదరు పదము లేనిచో, లేదు అని ధ్రువీకరించవలెను."

పద్దెనిమిది గోదాములు లేదు అని ధ్రువీకరించాయి. ఒక గోదాము నుంచి "గడచిన త్రైమాసికములో అధిక వర్షముల వలన మా వద్ద బిట్రోత్డ్ సరుకు నిల్వ లేదు" అని సొంతవాక్యం వచ్చింది. ఇంకొకరు ఆ సౌకర్యం తమకి తక్షణం మంజూరు చేయాలనీ, మంచినీళ్ళ కుండ పక్కన స్థలం సిద్ధంగా ఉందనీ రాశారు. నంద్యాల నుంచి మర్నాడు రిటైరవబోయే టైపిస్టు ఒకాయన "పెళ్ళి మాట ఇచ్చిపుచ్చుకున్నవారు" అని ఒక్క ముక్కలో రాసి పంపాడు. దాన్ని ఎండీగారు తిప్పికొట్టారు. ఇంత చిన్న అర్థానికి అంత పెద్ద మాట ఎవరూ వాడరని ఆయన అభిప్రాయం.

చివరికి ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుంది. నలభై రోజులు కూర్చుని ఒక నిర్వచనంతో లేచింది. "వివాహము కాకపోయినను, కాదని చెప్పుటకు వీలులేనట్టియు, అగునని నమ్ముటకు తగిన ఆధారములు కలిగినట్టియు స్థితి." ఆ స్థితిని ఎలా పరీక్షించాలి, ఎలా భద్రపరచాలి అన్న ప్రశ్నలు మిగిలాయి. అప్పటికి సంఘం అలసిపోయింది. అందుకని ఒక్క వాక్యంతో ముగించారు. "ఇతర అన్ని విషయములలోను గోనెసంచులకు వర్తించు నిబంధనలే యథాతథముగా వర్తించును."

ఆ వాక్యం పుణ్యమా అని ఒక మంగళవారం పొద్దున్నే నాణ్యతా పరిశీలకులు చెన్నుభొట్ల సోమయాజులుగారు తణుకు వచ్చి వీరవేణమ్మ ఇంటి అరుగెక్కారు. ముప్పై నాలుగేళ్ళుగా సంచులు తడిమిన చెయ్యి ఆయనది. చొక్కా జేబులో కలంతో పాటు దబ్బనం కూడా ఉంటుంది. ఆదోని నుంచి శేషుబాబుని పిలిపించారు. ఇద్దర్నీ చాపమీద కూర్చోబెట్టి సోమయాజులుగారు పరీక్ష కాగితం తీశారు.

"మామూలుగా వందకి ఐదు తీసి కోసి చూస్తామమ్మా," అన్నారు మొహమాటంగా. "ఇక్కడ ఉన్నదే ఒకటి. కోస్తే మిగలదు. అంచేత పైపైనే చూస్తాను. ముందు వెలుతురుకి పట్టాలి. మీ ఇద్దరి మధ్యా ఎక్కడైనా కంతలున్నాయా?"

"లేవండి," అన్నాడు శేషుబాబు.

"ఆయన వంకాయ తినరండి," అంది వకుళ. పుట్టినప్పటి నుంచీ అబద్ధం రాదు ఆ పిల్లకి.

"అది కంత కాదు, నేతలో పల్చన," అని రాసుకున్నారు సోమయాజులుగారు. "ఇప్పుడు కుట్టు బలం. బాబూ, నీకు భీమవరంలో రొయ్యల చెరువులున్న సంబంధం వచ్చిందనుకో. ఏం చేస్తావు?"

"రొయ్యలు కొనుక్కుంటానండి. పెళ్ళి మాత్రం ఈవిణ్ణే చేసుకుంటాను."

"గట్టి కుట్టు. ఇక బరువు మోత." ఆయన వీరవేణమ్మ వైపు తిరిగి, "మీరు అల్లుడిగారింట్లో వరసగా ఎన్నాళ్ళు ఉండగలరు?" అనడిగారు.

"నాకు కొట్టు లేదేంటండీ, వెళ్ళి కూర్చోడానికి?" అంది వీరవేణమ్మ.

"బరువు తక్కువ," అని రాసి, ముద్ర తీసి, ఊదారంగు సిరాలో అద్ది, తాంబూలాల ఫొటో మీద, ఇద్దరి మొహాల మధ్య ఖాళీ చూసి 'ఎ గ్రేడు' అని కొట్టారు. కాఫీ తాగి, పిల్లా పిల్లాడూ బాగున్నారని మనస్ఫూర్తిగా అన్నారు. ఆ మాట రాయడానికి కాగితంలో గడి లేదు.

పది రోజుల్లో శేషుబాబుకి తణుకు ఆర్డరు వచ్చింది. బస్సు దిగి ట్రంకుపెట్టెతో నిలబడ్డ అతన్ని చూసి వకుళకి ఏడుపొచ్చింది. వీరవేణమ్మ అన్నమాట ప్రకారం మర్నాడే వెళ్ళి ముహూర్తం పెట్టించింది. వకుళ పెళ్ళికి సెలవు చీటీ పంపింది. ఇల్లలకగానే పండగైపోతుందా? దానికి వచ్చిన జవాబు ఇదీ.

"తమరు పెళ్ళాడినచో బిట్రోత్డ్ స్థితి రద్దగును. స్థితి రద్దయినచో దాని ఆధారముగా జరిగిన బదిలీ రద్దగును. బదిలీ రద్దయినచో శ్రీ శేషుబాబు ఆదోనికి చేరవలెను. తదుపరి తామిరువురును ఆలుమగల వరసలో నాలుగు వందల పదమూడవ స్థానమునకు అర్హులగుదురు. సెలవు మంజూరు చేయుటకు మండలికి అభ్యంతరము లేదు."

ముహూర్తం వాయిదా పడింది. ఒకే ఊరుంటే తప్ప పెళ్ళి చెయ్యనంటుంది తల్లి. పెళ్ళి చేసుకుంటే ఒకే ఊరుండనివ్వదు మండలి. పక్క పక్క బల్లల మీద కూర్చుని, ఒకే డబ్బాలో ఉప్మా తింటూ, పెళ్ళి కాకుండా ఇద్దరూ ఏడాది గడిపారు. పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏడాదికోసారి చూపించుకున్నట్టే, వీళ్ళు నెలకోసారి సోమయాజులుగారి ముందు నిలబడి, తమ నిశ్చితార్థం ఇంకా ప్రాణాలతోనే ఉందని సంతకం పెట్టాలి. ఊళ్ళో అడిగేవాళ్ళకి జవాబు చెప్పలేక వీరవేణమ్మ కొట్టుకి వెనక దారిన వెళ్ళడం మొదలుపెట్టింది. ఆనాడు తాంబూలాల పళ్ళెంలో పెట్టిన పసుపుకొమ్ములు డబ్బాలోనే పుచ్చిపోయాయి. అవి పారబొయ్యడానికి వకుళకి చెయ్యి రాలేదు.

ఈలోగా మండలి యావత్తూ నిశ్చితార్థాల్లో పడింది. ఆలుమగల వరసలో నిలబడి మోకాళ్ళు అరిగినవాళ్ళు ఈ దగ్గర దారి కనిపెట్టారు. పెళ్ళై పద్దెనిమిదేళ్ళైన ఒక జంట కొత్తగా తాంబూలాలు పుచ్చుకుని ఫొటో పంపింది. పళ్ళెం పట్టుకున్నది వాళ్ళ కూతుళ్ళే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, పార్వతీపురంలో ఒకాయన వధువు పేరుండాల్సిన చోట "వివరములు తరువాత సమర్పించబడును" అని రాసి విశాఖపట్నం అడిగాడు. ఆయనకి 'బి గ్రేడు' ఇచ్చి విశాఖపట్నం వేశారు. పెళ్ళి చేసుకుందామనుకున్నవాళ్ళు మానుకున్నారు. సంచులకి కొట్టాల్సిన ఊదారంగు సిరా అంతా ఫొటోలకే సరిపోయింది.

ఇదంతా చూసి ఎండీగారు పొంగిపోయి బిట్రోత్డ్ దినోత్సవం జరిపారు. దీర్ఘకాల నిశ్చితార్థ పురస్కారం మొదటి జంటైన వకుళకీ శేషుబాబుకీ ప్రకటించారు. శాలువాలు కప్పించుకుని, సభ అయ్యాక ఇద్దరూ ఆయన గదిలోకి వెళ్ళారు.

"సార్, మాకు శాలువాలు వద్దండి. పెళ్ళి చేసుకోనివ్వండి చాలు," అంది వకుళ. "మా అమ్మ బజార్లో తలెత్తుకోలేకపోతోందండి."

"కూర్చోండమ్మా," అన్నారు ఎండీగారు దయగా. "మండలి మిమ్మల్ని వివాహమాడవద్దని ఏ సందర్భములోనూ అనలేదు. ఆడినచో బిట్రోత్డ్ కాకుండా పోవుదురని మాత్రమే సవినయంగా మనవి చేస్తున్నది. మీరు ఎ గ్రేడు. రాష్ట్రంలో ఎ గ్రేడు మీ ఒక్కరిదే. ఇంత మంచి నిశ్చితార్థాన్ని పెళ్ళి చేసి పాడుచేసుకుంటారా?"

శేషుబాబు ఏదో అనబోయాడు. వకుళ కాలితో ఆపింది.

"ఆ స్థితి పెళ్ళితో రద్దవుతుందన్నారు కదండీ. మధ్యలో చెడిపోతే ఏమవుతుందండీ?"

"చెడిపోవుటా?" ఎండీగారు నొచ్చుకున్నారు. "అట్టి దుస్థితిని సంఘము ఊహించలేదు. అయినను, నిబంధన సుస్పష్టం. ఇతర అన్ని విషయములలోను సంచుల నిబంధనలే వర్తించును."

"యథాతథంగానండీ?"

"యథాతథంగా."

వకుళ లేచి నమస్కారం పెట్టింది. తొమ్మిదేళ్ళుగా రాస్తున్న రిజిస్టరు తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమెకి అర్థమైంది. మెట్లు దిగుతూ శేషుబాబు చెవిలో ఒక మాట చెప్పింది. అతను రెండు మెట్లు ఒకేసారి దిగిపోయి, మళ్ళీ పైకొచ్చి, "మళ్ళీ చెప్పండి," అన్నాడు.

తమ నిశ్చితార్థం చెడిపోయిందని ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం చూసి వీరవేణమ్మ గుండెలు బాదుకుంది. వకుళ తలుపేసి పావుగంట చెప్పాక, "ఇంత తెలివి ఏడాది కిందట ఏమైందే?" అని తిట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సోమయాజులుగారు చిన్నబోయిన మొహంతో వచ్చారు. చాపమీద కూర్చుని చిరుగు కాగితం తీశారు గాని చాలాసేపు కలం కదల్చలేదు.

"ఎ గ్రేడు సరుకమ్మా. నా చేత్తో ముద్ర కొట్టాను. కారణం రాయాలి. మూడే ఉన్నాయి. ఎలుక, తేమ, లాగుడు."

"లాగుడండి," అంది వకుళ.

"ఎవరు లాగారు?"

"మండలి లాగిందండి. ఇటు ఒకసారి, అటు ఒకసారి."

సోమయాజులుగారు తలెత్తి ఆమెని చూశారు. శేషుబాబుని చూశారు. పెళ్ళి చెడిపోయినవాడు అంత శుభ్రంగా గడ్డం గీసుకుని రాడు. గుమ్మం పక్కన కొత్త చాటలో పసుపుకొమ్ములు ఆరబోసి ఉన్నాయి. అవీ చూశారు. ముప్పై ఐదేళ్ళు చిరుగులు చూసిన మనిషి. చిరిగిందానికీ చింపిందానికీ తేడా ఆయనకి తెలియదా?

ఇద్దరి సర్వీసు పుస్తకాల్లోనూ 'చిరిగినది' అని ముద్ర కొట్టి, కింద నిబంధన గట్టిగా చదివారు. "ఇట్టి సరుకు ముద్ర పడిన తేదీ నుండి మూడు సంవత్సరముల వరకు, ఏ కారణము చేతను, ఎవరి ఆదేశము మీదను, ఉన్న గోదాము నుండి కదల్చరాదు." చదివి లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, జేబులోంచి దబ్బనం తీసి చాపమీద పెట్టారు.

"ఇది ఇక్కడ మరిచిపోయి వెళుతున్నానమ్మా," అన్నారు.

వకుళ వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది.

పన్నెండో రోజున పెళ్ళి. శుభలేఖ అందుకున్న ఎండీగారు దాని మీద ఫైలు తెరిపించి, న్యాయసలహా తెప్పించి, స్వహస్తాలతో రాశారు. "వీరు బిట్రోత్డ్ అయియున్నచో మండలి ఈ వివాహమునకు తగిన పర్యవసానములు కల్పించియుండెడిది. వీరు బిట్రోత్డ్ కారు. చిరిగినవారు. చిరిగినవారు ఒకరినొకరు వివాహమాడరాదని నిబంధన లేదు. వీరిని కదల్చరాదని మాత్రము కలదు. కావున శుభాకాంక్షలు తెలుపవచ్చును." ఆ మధ్యాహ్నానికే చిరుగు కాగితాలు అచ్చు వెయ్యాలని ఇరవై ఆరు గోదాముల నుంచీ కోరికలు మొదలయ్యాయి.

వీరవేణమ్మ ఊరంతటికీ గాజులు పంచింది. తలంబ్రాలు అయ్యాక సోమయాజులుగారు వేదిక ఎక్కారు. దీవించడం అలవాటు లేని మనిషి. అక్షింతలు చేతిలో పట్టుకుని కాస్త తడబడి, వచ్చిన మాటే అన్నారు.

"మూడేళ్ళ దాకా ఇక్కణ్ణుంచి కదలకండి."

"అదేం దీవెనండీ బాబూ!" అంది వీరవేణమ్మ. "నూరేళ్ళని అనండి."

"నిబంధనలో మూడేళ్ళే ఉందమ్మా," అన్నారాయన దిగులుగా.

వకుళ తలవంచుకునే శేషుబాబు వైపు ఓరగా చూసింది.

"మూడేళ్ళకోసారి చింపుకుని మళ్ళీ కుట్టుకుంటాం లెండి," అంది.